చిన్న బండి కొనేముందు రోజు దూరం లెక్క తేలాలి
కిరాయి ఆగినా వాయిదా ఆగదు - పెట్రోలా, గ్యాసా, కరెంటా అన్నది తర్వాతి మాట

ఉయ్యూరు: తోట్లవల్లూరు లంకల్లో కోసిన అరటి గెల తెల్లవారేసరికి విజయవాడ చేరాలన్నా, దివిసీమ చేపలు ఐసు కరగకముందే మార్కెట్టులో దిగాలన్నా, పల్లెల్లో పితికిన పాలు వేళకు కేంద్రానికి అందాలన్నా ఇప్పుడు చిన్న సరుకు బండే ఆధారం. ఒకప్పుడు ఎడ్లబండి, ఆ తర్వాత ట్రాక్టరు, మూడు చక్రాల ట్రాలీ ఆటో చేసిన పనిని ఈ నాలుగు చక్రాల చిన్న బండి అందుకుంది. 2005లో టాటా ఏస్ మార్కెట్టులోకి వచ్చిన తర్వాత ఈ తరహా బండ్లు ఊరూరా కనిపించసాగాయి. కంపెనీ ఏదైనా సరే, చాలా ఊళ్లలో చిన్న బండి అంటే ఏస్ అనే పిలుస్తున్నారు.

అయితే కొత్తగా బండి కొనదలచిన వారికి ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది. పదేళ్ల కిందట డీజిలు బండి కొనడమే తప్ప పెద్దగా ఆలోచించవలసింది ఉండేది కాదు. ఇప్పుడు ఒకే కంపెనీ, ఒకే రూపంలో పెట్రోలు బండి, గ్యాసు బండి, కరెంటు బండి అమ్ముతున్నది. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క ధర. కరెంటు బండికి కిలోమీటరుకు రెండు రూపాయలే ఖర్చని ఒకరు చెబుతారు. బ్యాటరీ పోతే బండి పోయినట్టేనని మరొకరు భయపెడతారు. ఈ రెండు మాటల మధ్య పొలమో, బంగారమో తాకట్టు పెట్టి బండి కొనే కుటుంబం ఎటూ తేల్చుకోలేకపోతున్నది.

హైబ్రిడ్ వేరు, రెండు ఇంధనాల బండి వేరు

ముందుగా ఒక అపోహ తొలగాలి. పెట్రోలు, గ్యాసు రెండింటితో నడిచే బండిని కొందరు హైబ్రిడ్ అంటున్నారు. అది సరికాదు. ఇంజనుతో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండి, రెండూ కలిసి చక్రాన్ని తిప్పేదే హైబ్రిడ్. కార్లలో అవి ఉన్నాయి గాని, మన రోడ్లపై తిరిగే ఈ చిన్న సరుకు బండ్ల తరగతిలో లేవు. గ్యాసు బండిలో ఉన్నది ఒకే ఇంజను. గ్యాసు అయిపోతే బంకు దాకా చేరడానికి చిన్న పెట్రోలు ట్యాంకు ఇస్తారు. కాబట్టి కొనేవారి ముందున్న దారులు నాలుగే: పెట్రోలు, డీజిలు, గ్యాసు, కరెంటు.

ధరల్లో ఎంత తేడా?

ఒకే బండిని మూడు విధాలుగా పోల్చి చూస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది. టాటా కంపెనీ 2025 జూన్‌లో ఏస్ ప్రో అనే చిన్న బండిని విడుదల చేసింది. పెట్రోలు బండి ధర 3.99 లక్షలు, పెట్రోలుతో పాటు గ్యాసు ఉన్న బండి ధర 4.99 లక్షలు, కరెంటు బండి ధర 6.50 లక్షలు. ఇవి షోరూమ్ ధరలు. మూడూ మోసే బరువు ఒక్కటే, 750 కిలోలు.

ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిలు, గ్యాసు సరుకు బండ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కరెంటు బండ్లపై పన్ను అంతకుముందే 5 శాతం కావడంతో వాటికి కొత్తగా కలిసివచ్చింది ఏమీ లేదు. పన్ను తగ్గింపు పూర్తిగా ధరలోకి వస్తే పెట్రోలు బండి సుమారు 3.68 లక్షలు, గ్యాసు బండి 4.60 లక్షలు అవుతాయి. అంటే పెట్రోలు బండికీ కరెంటు బండికీ మధ్య తేడా 2.50 లక్షల నుంచి 2.80 లక్షలకు పెరిగిందన్నమాట. షోరూమ్‌లో ఆనాటి ధర అడిగి ఈ లెక్కను సరిచూసుకోవాలి.

కిలోమీటరు ఖర్చు

లెక్క సులువుగా ఉండటానికి పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిలు 100, గ్యాసు కిలో 95, ఇంటి కరెంటు యూనిట్ 10 రూపాయలు అనుకుందాం. సరుకుతో తిరిగే బండి లీటరు పెట్రోలుకు 15, లీటరు డీజిలుకు 18, కిలో గ్యాసుకు 20, యూనిట్ కరెంటుకు 5 కిలోమీటర్లు నడుస్తుందని అనుకుందాం. అప్పుడు కిలోమీటరుకు పెట్రోలు బండికి 7 రూపాయల 33 పైసలు, డీజిలు బండికి 5 రూపాయల 55 పైసలు, గ్యాసు బండికి 4 రూపాయల 75 పైసలు, కరెంటు బండికి 2 రూపాయలు పడుతుంది.

ఇంతవరకు చూస్తే కరెంటు బండికి తిరుగులేదనిపిస్తుంది. బండి అమ్మేవారు చూపించే లెక్క ఇక్కడితోనే ఆగుతుంది. కొనేవారి లెక్క మాత్రం ఇక్కడే మొదలు కావాలి. ఎందుకంటే చౌక ఇంధనం వాడే బండి అసలు ధర ఎక్కువ. ఆ ఎక్కువ సొమ్ముకు వడ్డీ పడుతుంది.

వాయిదా కలిపితే...

నూటికి ఏడాదికి 12 వడ్డీ చొప్పున నాలుగేళ్ల వాయిదాలపై తీసుకుంటే లక్ష రూపాయల అప్పుకు నెల వాయిదా సుమారు 2,633 రూపాయలు. పోలిక కోసం బండి ధర మొత్తం అప్పే అనుకుంటే పెట్రోలు బండికి నెలకు 9,690, గ్యాసు బండికి 12,110, కరెంటు బండికి 17,120 రూపాయల వాయిదా పడుతుంది. దీనికి ఇంధనం ఖర్చు కలపాలి.

నెలకు 600 కిలోమీటర్లు తిరిగే బండికి వాయిదా, ఇంధనం కలిపి పెట్రోలు అయితే 14,090, గ్యాసు అయితే 14,960, కరెంటు అయితే 18,320 రూపాయలు అవుతుంది. ఇక్కడ అన్నిటికంటే చౌక పెట్రోలు బండే.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు 17,020, గ్యాసు 16,860, కరెంటు 19,120. పెట్రోలూ గ్యాసూ దాదాపు సమానం.

నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు 24,360, గ్యాసు 21,610, కరెంటు 21,120. ఇక్కడ కరెంటు బండి ముందుకొచ్చింది. అయినా గ్యాసు బండి కంటే నెలకు మిగిలేది 500 రూపాయల లోపే.

2,500 కిలోమీటర్లు తిరిగితే గ్యాసు 23,990, కరెంటు 22,120. తేడా 1,870 రూపాయలు.

క్లుప్తంగా చెప్పాలంటే నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపు తిరిగేవారికి పెట్రోలు చాలు. వెయ్యి నుంచి పద్దెనిమిది వందల వరకు గ్యాసు లాభం. అంతకు మించి తిరిగేవారికే కరెంటు బండి లాభం. నెలకు 25 రోజులు పని ఉంటుందనుకుంటే రోజుకు 40 కిలోమీటర్ల లోపు పెట్రోలు, 40 నుంచి 70 వరకు గ్యాసు, 70 దాటితే కరెంటు అని గుర్తుంచుకోవచ్చు. నాలుగేళ్ల తర్వాత వాయిదాలు తీరిపోతాయి. అప్పుడు 2,000 కిలోమీటర్లు తిరిగే కరెంటు బండికి గ్యాసు బండి కంటే నెలకు 5,500 రూపాయలు మిగులుతాయి. బండిని ఏడెనిమిదేళ్లు ఉంచుకోదలచిన వారికి అసలు లాభం అప్పుడే. కరెంటు బండికి ఇంజను ఆయిలు, క్లచ్ ప్లేట్ల ఖర్చు ఉండదన్నది మరో లాభం. ధర ఎక్కువ కావడంతో బీమా కూడా కొంత ఎక్కువ పడుతుందన్నది రెండో వైపు.

డీజిలు మాటేమిటి?

డీజిలు చౌక అన్న పాత మాట చిన్న బండ్ల విషయంలో ఇప్పుడు అంతగా నిలవడం లేదు. 2025 సెప్టెంబరులో విడుదలైన ఏస్ గోల్డ్ ప్లస్ డీజిలు బండి ధర 5.52 లక్షలు. పైన చెప్పిన లెక్కనే దీనికి వాయిదా నెలకు 14,540 రూపాయలు. 2,000 కిలోమీటర్లకు డీజిలు 11,110 కలిపితే 25,650 అవుతుంది. అంటే పెట్రోలు బండి కంటే కూడా ఎక్కువే. నెలకు 2,700 కిలోమీటర్లు దాటితే తప్ప డీజిలు బండి పెట్రోలు బండిని దాటి రాదు. అయితే అది 900 కిలోలు మోస్తుంది. ఎక్కడికి కిరాయి వస్తే అక్కడికి వెళ్లవలసినవారికి, గ్యాసు బంకు ఉంటుందో లేదో తెలియని దూరపు దారులు పట్టేవారికి డీజిలు ఇప్పటికీ నమ్మకమైనదే.

రాత్రికి బండి ఎక్కడ నిలుస్తుంది?

కరెంటు బండి కొనేవారు వేసుకోవలసిన రెండో ప్రశ్న ఇది. ఏస్ ప్రో కరెంటు బండిలో 14.4 యూనిట్ల బ్యాటరీ ఉంది. ఒకసారి చార్జి చేస్తే 155 కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీ చెబుతున్నది. అది పరీక్షలో తేలిన దూరం. నిండా బరువుతో, గుంతల రోడ్డుపై, నడిఎండలో ఆ దూరం రాదు. వంద కిలోమీటర్లకు మించి నమ్ముకోకపోవడమే క్షేమం. ఏళ్లు గడిచేకొద్దీ బ్యాటరీ సామర్థ్యం కొంత తగ్గుతుంది కాబట్టి ఆ వందలోనూ కొంత మిగులు చూసుకోవాలి.

లాభం మొదలయ్యేది రోజుకు 70 కిలోమీటర్ల దగ్గర. తాడు తెగేది వంద దగ్గర. ఈ రెండింటి మధ్య నిలకడగా తిరిగే బండికే కరెంటు సరిగ్గా కుదురుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి రెండు మూడు గంటలు నిలిచే బండి అయితే ఇంకొంత దూరం పోవచ్చు.

జిల్లా దారులకు ఈ లెక్క వర్తింపజేస్తే ఇలా ఉంటుంది. నాలుగైదు ఊళ్లలో పాలు పోగుచేసి కేంద్రంలో దించే బండి రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు చాలు. ఉయ్యూరు నుంచి విజయవాడకు రోజూ ఒక ట్రిప్పు వేసే బండి రానూపోనూ సుమారు 60 కిలోమీటర్లు తిరుగుతుంది. దానికి గ్యాసు అనువైనది. గుడివాడ నుంచి విజయవాడ వెళ్లొస్తే సుమారు 90 కిలోమీటర్లు. ఇది కరెంటు బండికి తగిన దూరమే గాని, నగరంలో మరో కిరాయి ఒప్పుకుంటే తిరుగు దారిలో ఇబ్బంది తప్పదు. బందరు నుంచి గాని, అవనిగడ్డ నుంచి గాని విజయవాడకు చేపలు వేసే బండి రానూపోనూ 130 కిలోమీటర్లు దాటుతుంది. ఐసు పెట్టెలతో వెళ్లే ఆ బండికి దారిలో ఆగే వ్యవధి ఉండదు. దానికి గ్యాసో, డీజిలో తప్ప మార్గం లేదు.

ఇంట్లో చార్జి చేస్తేనే

రెండు రూపాయల లెక్క ఇంట్లో చార్జి చేసేవారికి మాత్రమే. బయటి చార్జింగ్ కేంద్రంలో యూనిట్ ధర ఎక్కువ, పైగా 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిసి యూనిట్ 20 రూపాయలు పడితే కిలోమీటరుకు 4 రూపాయలు అవుతుంది. గ్యాసుకూ దానికీ తేడా ముప్పావలా మాత్రమే. ఆ ముప్పావలాతో అదనపు వాయిదా తీరదు. కాబట్టి రాత్రి బండి నిలిపే చోట సొంత ప్లగ్గు లేనివారు కరెంటు బండి జోలికి పోకపోవడం మంచిది.

ప్లగ్గు ఉన్నవారు కూడా ముందుగా విద్యుత్ సెక్షన్ ఆఫీసుకు వెళ్లాలి. 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. ఖాళీ అయిన బ్యాటరీ నిండటానికి అయిదారు గంటలు పడుతుంది. అంతసేపు ఆ భారం మోయడానికి చాలా ఇళ్ల మీటర్లకు మంజూరైన లోడు చాలదు. అదనపు లోడు రాయించుకోవాలి. కిరాయి బండికి ఇంటి మీటరు నుంచి చార్జి చేయవచ్చునా, వేరే మీటరు కావాలా అన్నది కూడా అక్కడే అడిగి తెలుసుకోవాలి. సరైన ఎర్తింగు తప్పనిసరి. పొలం మోటారుకిచ్చే ఉచిత కరెంటు నీరు తోడటానికే గాని బండ్లకు కాదు. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో చార్జింగు అర్ధరాత్రి తర్వాత పెట్టుకోవడం మేలు.

గ్యాసు బండి జాగ్రత్తలు

గ్యాసు బండికి బంకు దగ్గరుంటేనే లాభం. పది కిలోమీటర్లు పక్కకు వెళ్లి గ్యాసు పట్టించుకుంటే రానూపోనూ ఇరవై కిలోమీటర్ల గ్యాసు వృథా. రోజూ వెళ్లే దారిలోనే బంకు ఉందా, అక్కడ క్యూ ఎంత అన్నది కొనేముందు నాలుగు రోజులు గమనించాలి. బంకులో ఒత్తిడి తగ్గితే సిలిండరు పూర్తిగా నిండదు. ఎండాకాలంలో వేడికి గ్యాసు వ్యాకోచించి అదే సిలిండరులో తక్కువ కిలోలు పడుతుంది. సిలిండరులో గ్యాసు గాలి ఒత్తిడికి 200 రెట్ల ఒత్తిడితో ఉంటుంది. అందుకే మూడేళ్లకొకసారి సిలిండరును పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. పాత గ్యాసు బండి కొనేవారు ఈ సర్టిఫికెట్ చూడకుండా బయానా ఇవ్వకూడదు.

బరువు విషయంలో మొహమాటం వద్దు

750 కిలోలంటే 75 కిలోల ధాన్యం బస్తాలు పది మాత్రమే. పది బస్తాల బండిపై ఇరవై ఎక్కించడం పల్లెల్లో మామూలైపోయింది. 2019 చట్ట సవరణ ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. ఒక్కసారి పట్టుబడితే పెట్రోలు బండి రెండు నెలల వాయిదా పోయినట్టే. కరెంటు బండికి జరిమానాతో పాటు మరో నష్టం ఉంది. బరువు పెరిగేకొద్దీ చార్జి త్వరగా దిగిపోయి బండి దారిలో నిలిచిపోతుంది. రోజూ పదిహేను బస్తాలు వేయక తప్పనివారు ఈ చిన్న బండిని కాక, అంతకు పై తరగతి పికప్ బండిని చూసుకోవాలి.

లైసెన్సు విషయంలో కొంత ఊరట లభించింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న సరుకు బండిని తేలికపాటి మోటారు వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. రోడ్డు పన్ను రాయితీ మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన రాయితీ ఆ రాష్ట్రంలో రిజిస్టరయ్యే బండ్లకే. ఇక్కడివారు ఇక్కడి రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

వరద మాట మరవరాదు

2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు లంకలు మునిగాయి. అటువంటి చోట ఉండేవారు థర్డ్ పార్టీ బీమాతో సరిపెట్టుకోకూడదు. మునిగిన బండికి ఆ బీమా కింద రూపాయి రాదు. బండి నష్టానికి కూడా వర్తించే పూర్తి బీమా కట్టాలి. కరెంటు బండి నీట మునిగితే మెకానిక్ చూడకుండా స్విచ్ వేయడం గాని, చార్జింగు పెట్టడం గాని ప్రాణాలకే ప్రమాదం.

కిరాయి లేని నెలలో ఏమిటి గతి?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కిరాయి లేని రోజున పెట్రోలు ఖర్చు లేదు. వాయిదా మాత్రం ఆ రోజూ ఉంటుంది. పెట్రోలు బండి యజమానికి పని లేని నెలలో కట్టవలసింది 9,690 రూపాయలు. కరెంటు బండి యజమానికి 17,120. పంట కోతలు ముగిశాక, వానలకు దారులు మూతపడినప్పుడు ఏడాదిలో రెండు మూడు నెలలు మందకొడిగా ఉండే కిరాయిలకు ఈ తేడా పెద్దదే. వాయిదాలు వరసగా తప్పితే ఫైనాన్సు వారు బండిని పట్టుకుపోతారు. అప్పటిదాకా కట్టిన సొమ్ము, తాకట్టులో ఉన్న బంగారం రెండూ చిక్కుల్లో పడతాయి.

ఒక్క పనినే నమ్ముకోవడం కూడా క్షేమం కాదు. రాష్ట్రంలో ఇంటింటికీ రేషను అందించడానికి 2021 జనవరిలో 9,260 మినీ ట్రక్కులు రోడ్డెక్కాయి. 2025 జూన్ నుంచి ఆ విధానం నిలిచిపోయింది. పాల కేంద్రమైనా, దుకాణాల సరఫరా అయినా ఒప్పందం ఎన్నాళ్లుంటుందో చూసుకుని, వాయిదాల గడువు దానికి మించకుండా ఉంటే నిశ్చింత.

కాబట్టి షోరూముకు వెళ్లేముందు చేయవలసిన పని ఒకటుంది. ఇప్పుడు నడుపుతున్న ట్రాలీ ఆటో మీదనో, అద్దె బండి మీదనో నెల రోజులపాటు రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువు, ఎన్ని రోజులు ఖాళీ అన్నది నోటు పుస్తకంలో రాసుకోవాలి. బండి లేనివారు తమ దారిలోనే తిరిగే డ్రైవరును అడిగి రాసుకోవచ్చు. నెలాఖరుకు ఆ పుస్తకం చూస్తే ఏ బండి కొనాలో తేలిపోతుంది. ఖాళీ రోజులు ఎక్కువగా కనిపిస్తే ఈ ఏడాదికి అసలు కొనకపోవడమే లాభమని కూడా ఆ పుస్తకమే చెబుతుంది.